పిల్లల కంటితో నవల: పాఠకుడికి తెలిసి పిల్లకి తెలియనిది ఎలా రాయాలి?

చిత్తుప్రతి

తొమ్మిదేళ్ల పిల్ల చెబుతున్నట్టుగా ఒక నవల రాస్తున్నాను. నడిగోదావరి ఊరు, అన్నదమ్ముల మధ్య పొలం పంపకాల తగువు. తగువు లోతు పిల్లకి తెలియదు, పాఠకుడికి తెలియాలి. నాకు చేతనైన ఉపాయం ఒక్కటే: పిల్ల తలుపు చాటున నిలబడి పెద్దవాళ్ల మాటలు వింటుంది. ప్రతి రెండో అధ్యాయంలోనూ వింటోంది. చదివినవాళ్లలో ఒకరు "పిల్ల మరీ తెలివిగా ఉంది" అన్నారు, ఇంకొకరు "మరీ మొద్దుగా ఉంది" అన్నారు. పేరున్న నవలాకారులు ఈ చిక్కుని ఎలా దాటారో ఘట్టాలతో సహా చెప్పండి. బాల్యం మల్లెపువ్వు లాంటిది వగైరాలు వద్దు, దయచేసి.

పాతఅట్ట

ముందు గొంతు వయసు తేల్చుకోండి. కథ జరిగేటప్పుడు పిల్లకి తొమ్మిదేళ్లు, సరే. చెప్పేటప్పుడు ఎన్నేళ్లు? ఈ రెండు అంకెలూ వేసుకోకుండా మొదలుపెడితే 'తెలివి', 'మొద్దు' అనే రెండు ఫిర్యాదులూ ఒకే రాతప్రతికి వస్తాయి.

డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ (1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం వచ్చింది) మొదటి పేజీ చూడండి. పిప్ అమ్మానాన్నల మొహాలు ఎరగడు. సమాధి రాయి మీద చెక్కిన అక్షరాల వాటం చూసి, నాన్న నల్లగా, బలిష్ఠంగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాడని ఊహించుకుంటాడు. ఊహ పసివాడిది. దాన్ని అంత కుదురుగా చెప్పే వాక్యం పెద్దయిన పిప్‌ది. ఈ పద్ధతిలో మాటల కరువుండదు. కాకపోతే పెద్దగొంతు ఊరుకోదు, పేరా చివర "అప్పుడు నాకు తెలియదు గానీ" అంటూ తల దూరుస్తుంది. నవల మొత్తంలో అలాంటివి ఐదారు మించితే కోసెయ్యండి.

మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ (ఇంగ్లండులో 1884, అమెరికాలో 1885) దారి వేరు. అనుభవించే హక్‌కీ, చెప్పే హక్‌కీ మధ్య ఏళ్ల దూరం లేదు. 22వ అధ్యాయంలో సర్కస్‌కి వెళ్తాడు. ఒక తాగుబోతు గోల చేసి గుర్రమెక్కుతాడు, జనం పడీ పడీ నవ్వుతుంటే వాడెక్కడ పడి చస్తాడోనని హక్ వణికిపోతాడు. వాడు సర్కస్ మనిషేనని బయటపడ్డాక, పాపం రింగ్‌మాస్టర్ మోసపోయాడే అని జాలిపడతాడు. దీనికి కాస్త ముందే నిజం తాగుబోతునొకణ్ణి నడివీధిలో కాల్చి చంపడం అదే హక్ చూశాడు. ట్వేన్ రెండు ఘట్టాల్నీ పక్కపక్కన పెట్టి నోరు మూసుకున్నాడు. ఇలా ఊరుకోవడమే కష్టం.

ఇక హెన్రీ జేమ్స్ ‘వాట్ మెయిసీ న్యూ’ (1897). ఇక్కడ పిల్ల ‘నేను’ అనదు, కథ ప్రథమ పురుషలో నడుస్తుంది. పిల్లలు గ్రహించేది చాలా ఎక్కువ, చెప్పుకోడానికి వాళ్ల దగ్గరున్న మాటలే తక్కువ అని జేమ్స్ తర్వాత ముందుమాటలో అన్నాడు. అందుకే గ్రహింపు మెయిసీకి వదిలేసి, మాటలు తను తీసుకున్నాడు. మీ పిల్ల ‘నేను’ అని చెప్పాల్సిందేనా? ఇది కూడా ఆలోచించండి.

వేపపుల్ల

తలుపు చాటు గురించి. చాటుగా వినడంలో తప్పు లేదండీ. పూర్తిగా వినబడటంలో ఉంది. అవతలి గదిలో మనుషులు కోర్టులో వాంగ్మూలం ఇస్తున్నట్టు నిండు వాక్యాల్లో మాట్లాడతారు, పేర్లూ సర్వే నంబర్లతో సహా! ఇంటి గొడవల్లో పేర్లు రావు. ‘వాడు’, ‘ఆవిడ’, ‘ఆ సంగతి’, అంతే. మధ్యలో మిక్సీ చప్పుడు.

"వేసిచ్చేసిందిగా, ఇంకేముంది" అని ఒక్క ముక్క వినబడిందనుకోండి. ఎవరు, దేని మీద వేసిచ్చారో పిల్లకి అందదు. అంతకు ముప్పై పేజీల ముందు నాయనమ్మ ఎడమ బొటనవేలికి సిరా మరక ఉందని, ఎంత తోమినా పోలేదని పిల్ల యథాలాపంగా చెప్పి ఉంటే పాఠకుడికి చప్పున అందుతుంది. ముందు మరక, తర్వాత మాట. తిరగేస్తే అది డిటెక్టివ్ నవల అవుతుంది.

ఘట్టానికో కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి: జరిగింది, పిల్ల చూసింది, పిల్ల అనుకున్నది. మూడో గడి ఖాళీగా ఉంటే మీ పిల్ల వట్టి కెమెరా. మొదటిదీ మూడోదీ ఒకటే అయితే "మరీ తెలివి". మూడో గడిలో తప్పు ఉండాలి, అయితే పిల్లకి తెలిసినంతలో ఆ తప్పు సబబుగా ఉండాలి. పిప్ సమాధి రాయిని చదివినట్టు.

కొలబద్ద

"మొద్దు" అన్న ఫిర్యాదు వయసు లెక్క తప్పడం వల్ల కావచ్చు. రాసేవాళ్లు చాలామంది తొమ్మిదేళ్ల పిల్లకి ఐదేళ్ల పిల్ల బుర్ర పెడతారు.

ఎదుటి మనిషి పొరపాటు నమ్మకంతో ఉండొచ్చన్న సంగతి పిల్లలకి సాధారణంగా నాలుగైదేళ్ల మధ్య తడుతుంది. 1983లో విమర్, పెర్నర్ చేసిన చాక్లెట్ ప్రయోగం దీని గురించే: పిల్లవాడు లేనప్పుడు ఒక అల్మారాలోని చాక్లెట్‌ని ఇంకో అల్మారాలోకి మారిస్తే, తిరిగొచ్చాక వాడు ఎక్కడ వెతుకుతాడు? మరీ చిన్నపిల్లలు కొత్త చోటే చూపిస్తారు. చావు వెనక్కి తిరగదని ఐదు నుంచి ఏడేళ్ల మధ్య తెలుస్తుంది. వెటకారం పట్టుకోవడం ఆరేళ్ల ప్రాంతంలో మొదలై నెమ్మదిగా కుదురుతుంది. అంటే మీ తొమ్మిదేళ్ల పిల్లకి అబద్ధం తెలుసు, మొహమాటపు అబద్ధం తెలుసు, దెప్పిపొడుపు తెలుసు, చిల్లర లెక్క తెలుసు. "తాతయ్య దేవుడి దగ్గర్నుంచి ఎప్పుడొస్తాడు" అని ఆ పిల్లతో అడిగించకండి. ఆమెకి తెలియనివి వేరే: అప్పు, దస్తావేజు, పడకగది, ఒకే మనిషిని పెద్దవాళ్లు ప్రేమిస్తూనే మోసం ఎందుకు చేస్తారన్నది.

హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1960)లో స్కౌట్‌కి మొదట్లో ఆరేళ్లు నిండలేదు, చివరికి ఎనిమిదేళ్లు వస్తాయి. అత్యాచారం అంటే ఏమిటని తండ్రినే అడుగుతుంది. ఆయన లాయరు, చట్టంలోని నిర్వచనం ఉన్నదున్నట్టు అప్పజెబుతాడు. అబద్ధం ఆడలేదు, దాచలేదు, అయినా పిల్లకి ఏమీ చేరలేదు. పిల్లకి తెలియకుండా ఉంచాలంటే పెద్దవాళ్లు దాచిపెట్టి తీరాలని ఎక్కడా లేదు.

నీలిసిరా

అందరూ చూడటం, వినడం గురించే మాట్లాడుతున్నారు. నా లెక్క వేరు. ఈ నవలల్లో పిల్లలు ఊరికే చూస్తూ కూర్చోరు. పెద్దవాళ్లు వాళ్లకి పని చెబుతారు.

పిప్‌ని తప్పించుకున్న ఖైదీ ఆకురాయి, తిండి తెమ్మంటాడు. పిల్లాడు ఇంట్లోంచి రొట్టె, చీజ్, పోర్క్ పై (పంది మాంసం కూరిన పిండివంట) దొంగిలిస్తాడు. సీసాలోంచి కొంత బ్రాందీ వంపుకుని, తగ్గింది తెలియకుండా నీళ్లనుకుని తారునీళ్లు పోస్తాడు. ఆ రోజే క్రిస్మస్ భోజనంలో ఆ బ్రాందీ అతిథిగా వచ్చిన పంబుల్‌చుక్ నోట్లోకి వెళ్తుంది. ‘అపరాధ భావన’ అనే మాట అక్కర్లేకుండానే బల్ల కాలు పట్టుకుని వణికే పిల్లాడు మనకి కనిపిస్తాడు.

మెయిసీ విషయంలో విడాకులయ్యాక కోర్టు పిల్లని ఆరు నెలలు తల్లికి, ఆరు నెలలు తండ్రికి పంచింది. (భూమి పంపకం రాస్తున్నవారు ఆ మొదటి పేజీలు తప్పక చదవాలి. ఆ పంపకం వెనక కూడా డబ్బే ఉంది: పిల్ల పోషణకని తల్లి ఇచ్చిన 2,600 పౌండ్లకి తండ్రి లెక్క చెప్పలేకపోయాడు.) తండ్రి తిట్టు పంపిస్తాడు, పిల్ల దాన్ని తు.చ. తప్పకుండా తల్లికి చేరవేస్తుంది. కొన్నాళ్లకి, తను మోస్తున్నది ఏమిటో లీలగా తెలిసి మోయడం మానేస్తుంది. ఏమీ గుర్తులేనట్టు, తెలివితక్కువదైనట్టు నటిస్తుంది. ఆ పిల్ల మొదటి రహస్యం అదే. అంతకుముందు దాచుకోవడమన్నది ఆమెకి తెలియదు.

ఎల్.పి. హార్ట్‌లీ ‘ద గో-బిట్వీన్’ (1953) పూర్తిగా ఈ ఇరుసు మీదే తిరుగుతుంది. 1900 జూలై, నార్ఫోక్‌లో బ్రాండమ్ హాల్ అనే పెద్ద ఇల్లు. లియోకి పదమూడు నిండబోతోంది. జమీందారీ ఇంటి అమ్మాయి మేరియన్‌కీ, రైతు టెడ్‌కీ మధ్య చీటీలు మోస్తాడు. ఆ పని అతనికి ఎలా అంటుకుందో గమనించండి. గడ్డివామి మీంచి జారి మోకాలు చీరుకుంటే టెడ్ కట్టు కడతాడు, ఆ వెంటనే చీటీ అడుగుతాడు. అంతకుముందే మేరియన్ ఎండకి తగ్గ ఆకుపచ్చ సూటు కొనిపెట్టింది. దయే కూలి. పిల్లాడు తిరస్కరించలేని కూలి అదొక్కటే. ఒకరోజు అంటించని చీటీలో నాలుగు మాటలు కంటబడి, అది ప్రేమ వ్యవహారమని తెలిసినప్పుడు అతన్ని కుంగదీసేది నీతి కాదు. తన మీద చూపించిన దయ తన కోసం కాదేమోనన్న అనుమానం.

అరుంధతీ రాయ్ ‘ద గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్’ (1997)లో ఏడేళ్ల ఎస్తాకి అప్పగించిన పని ఒక్క మాట. పోలీసు స్టేషన్లో, ఒక నిర్దోషి మీద మోపిన నేరం గురించి ఇన్‌స్పెక్టర్ అడిగినదానికి "అవును" అనాలి. అలా అంటే అమ్మ జైలుకెళ్లదని ఇంటి పెద్దావిడ బేబీ కొచ్చమ్మ నమ్మిస్తుంది. ఎస్తా అంటాడు.

చిత్తుప్రతి గారూ, మీ నవలలో పిల్ల చేతికి ఏ పనీ లేదు. అందుకే తలుపు దగ్గర నిలబడుతోంది.

వేపపుల్ల

నీలిసిరా గారి సూత్రం బాగుంది, కానీ స్కౌట్ దగ్గర ఆగిపోతుంది. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషి మీద మోపిన అత్యాచారం కేసు విచారణ ఐదు అధ్యాయాలు, 17 నుంచి 21 దాకా. పిల్లలు నల్లవాళ్ల బాల్కనీలో కూర్చుని చూడటం తప్ప చేసిందేమీ లేదు. ఆ నవల నిలబడ్డది అక్కడే కదా?

నీలిసిరా

నిలబడ్డది అక్కడ కాదనుకుంటాను. విచారణలో కూడా లీ ఉత్త చూపుని నమ్ముకోలేదు. ప్రాసిక్యూటర్ టామ్‌ని గద్దించే తీరుకి స్కౌట్ స్నేహితుడు డిల్ ఏడుస్తాడు, స్కౌట్ వాణ్ణి బయటికి తీసుకెళ్లాల్సి వస్తుంది. వాడు చట్టం కోసం ఏడవలేదు, గొంతులోని చులకన కోసం ఏడ్చాడు. పిల్లలకి వాదన అందదు, స్వరం అందుతుంది. మీ పంపకాల మాటలకీ ఇది పనికొస్తుంది.

అసలు ఘట్టం 15వ అధ్యాయంలో జైలు ముందు. టామ్ రాబిన్సన్‌ని చంపడానికి గుంపు వచ్చింది. స్కౌట్‌కి ఆ సంగతి తెలియదు. గుంపులో తన క్లాసు పిల్లాడి తండ్రి కనబడితే మర్యాదగా పలకరిస్తుంది, ఆయన ఆస్తి చిక్కు ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది, అబ్బాయిని అడిగానని చెప్పమంటుంది. ఎవరూ పలకరు. ఆ మౌనంలో ఆమె ఇంకా మాట్లాడుతుంది. చివరికి ఆయన వంగి ఆమె భుజాలు పట్టుకుని, చెబుతానని, మనుషుల్ని మళ్లించుకుపోతాడు. ఆ పిల్ల ‘ఏం చేస్తున్నానో తెలిసి’ చేసి ఉంటే ఆ పేజీ చచ్చిపోయేది. ఒక్క "నేను వాళ్లని ఆపాలనుకున్నాను" చాలు పాడు చెయ్యడానికి.

ఇంకో రకం కూడా ఉంది. పని ఎవరూ చెప్పరు, పిల్లాడే నెత్తిన వేసుకుంటాడు. విభూతిభూషణ్ ‘పథేర్ పాంచాలీ’ (పుస్తకంగా 1929)లో దుర్గ మీద దొంగతనం మోపి కొడతారు. ఆమె పోయాక, ఊరు వదిలి వెళ్తూ సామాన్లు సర్దుతుంటే ఆ పోయిన చిన్న బంగారు కుంకుమ భరిణె తమ్ముడు అపు చేతికి దొరుకుతుంది. అక్క నిజంగానే తీసింది. ఎవరికీ చెప్పకుండా వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. 1955 సినిమాలో సత్యజిత్ రాయ్ దాన్ని పూసల దండ చేసి చెరువులో వేయించాడు, అది అందరికీ గుర్తు. నవలలో అపు ఎవరితోనూ ఏమీ అనడు, ఒక్క పని చేస్తాడు, అంతే. అంతవరకు అక్క వెనక పరుగెత్తిన పిల్లాడు ఇప్పుడు అక్కని కాపాడాడు.

ఎర్రబస్సు

అందరు అమాయకత్వం అమాయకత్వం అంటున్రు గని, అది ఎవరి పిల్లలకు ఉంటదో ఒక్కరు అడుగుతలేరు. లియో పెద్దింట్ల చుట్టం, స్కౌట్ లాయరు బిడ్డ. పొద్దుగాల లేస్తే బర్ల ఎంబడి పోయే పిల్లగానికి పెద్దల లోకం ఏదో ఒక దినం ఎదురయ్యేది గాదు. పుట్టినప్పటి సంది అండ్లనే ఉంటడు.

మన దిక్కు పాత ఊళ్లల్ల దొర కొడుకు ఎనిమిదేండ్ల పోరడు, అరవై ఏండ్ల జీతగాన్ని ‘ఒరేయ్’ అని పిలుస్తడు. ఆ పోరనికి పాపం పుణ్యం తెల్వదు, ఇంట్ల నేర్పిన పిలుపు. అదే జీతగాని మనుమడు పక్కన నిలబడి వింటున్నడనుకోండి. ఒక్క పిలుపు, ఇద్దరు పిల్లలు. ఒకనికి అది రోజూ వినే మాట, ఇంకొకనికి తాత సగానికి కుంగినట్టు. మీ నవలల పొలం ఉంది గదా, ఆ పొలం దున్నేటోళ్ల పిల్లలు ఏడ ఉన్నరు? పంపకాలైతే వాళ్లు ఎవరి వంతుకు పోతరు? మీ తొమ్మిదేండ్ల పిల్లకు ఆ ఇంటి దోస్తు ఒకామె ఉంటే, మీ పిల్లకు తెల్వనియి శానా ఆమెకు తెలుస్తయి. తలుపు సాటు అక్కర పడది.

చిత్తుప్రతి

ఎర్రబస్సు అన్నా, ఆ స్నేహితురాలు రాతప్రతిలో ఉంది, రెండు పేజీల్లో మాయమైపోయింది. తిరిగి తీసుకొస్తాను. భాష గురించి ఎవరైనా చెబుతారా? పిల్ల గొంతని తప్పు తప్పుగా ఉచ్చారణ రాస్తే ముద్దుగా ఉంటోంది, ముద్దు నాకు వద్దు.

మునగచెట్టు

ముళ్లపూడి బుడుగు ఉచ్చారణ చూసి చాలామంది అదే గొంతు అనుకుంటారు. అసలు గట్టితనం ఉచ్చారణలో లేదు. అమ్మానాన్నల్ని రాధ, గోపాళం అని పేర్లతో పిలుస్తాడు, మనుషుల్ని ‘పక్కింటి లావుపాటి పిన్నిగారు’, ‘రెండుజెళ్ల సీత’ అని కంటికి కనబడ్డదాన్ని బట్టి లెక్కపెడతాడు. పైగా బుడుగు లోకాన్ని చూసి దెబ్బతినడు, లోకమే వాడి చేతిలో దెబ్బతింటుంది. అందుకని మీకు పనికొచ్చే నమూనా కాదు. నామిని మిట్టూరు కథలు నవల కావు గానీ మీకు దగ్గర. ఆ పిల్లాడి మాట ముద్దుగా తిప్పింది కాదు. అమ్మా, ఊరూ మాట్లాడే చిత్తూరు పల్లెమాట అది. ఆకలి, అప్పు అదే మాటలో వస్తాయి.

తెలుగులో మనకున్న గొప్ప సౌకర్యం వాక్యం చివర ‘ట’. "బాబాయి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాడు", "వెళ్లాడట". రెండోదానిలో పిల్లకి ఎవరో చెప్పారని, తను చూడలేదని ఒక్క అక్షరంలో వచ్చేసింది. నవల మొదట్లో పెద్దవాళ్ల సంగతులన్నీ ‘ట’తో నడిపి, పిల్ల స్వయంగా చూసినవాటికి తీసెయ్యండి. ఎక్కడో ఒకచోట, అందరూ చెప్పినదానికి పిల్ల ‘ట’ మానేసి చెప్పడం మొదలుపెడితే ఆమె పక్షం తీసుకుందని అర్థం. పేజీకి రెండు మూడు మించితే మాత్రం చెవికి తగులుతుంది.

ఉచ్చారణ మార్పులు ఐదో ఆరో మాటలకి పరిమితం చేసి, చివరిదాకా అవే ఉంచండి. ఉపమానాలు పిల్ల చేతికి అందేవే కావాలి: పలక, చీమలు, జడకుచ్చులు. సముద్రం చూడని పిల్ల ‘సముద్రమంత దుఃఖం’ అనకూడదు.

చిత్తుప్రతి

నీలిసిరా గారూ, పని గురించే రాత్రంతా ఆలోచించాను. పొలం కొలిచే రోజు గొలుసు చివర పిల్ల చేతికిస్తే? బాబాయి "ఎండలో ఎందుకమ్మా, ఆ తుమ్మచెట్టు నీడలోకి జరుగు" అంటాడు. జరుగుతుంది. మేకు అక్కడే దిగుతుంది. పిల్ల మటుకు బాబాయికి తనంటే ఎంత ఇష్టమో అనుకుంటుంది.

నీలిసిరా

ఇంక దాన్ని ముట్టుకోకండి. నీడ, గొలుసు, మేకు. ఆ అధ్యాయంలో బాబాయి మొహం కూడా వర్ణించకండి.

కొలబద్ద

లెక్క సరిచూసుకోండి, పాఠకుల్లో రైతులుంటారు. సర్వే గొలుసు 66 అడుగులు, 100 లింకులు, ఒక లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. గట్టు పొడవు పది గొలుసులు అనుకుందాం. పిల్ల ఒక కొసని ఐదు లింకులు జరిగింది, అంటే మూడడుగుల మూడున్నర అంగుళాల చిల్లర. రెండో కొస కదల్లేదు కాబట్టి పోయేది సన్నటి త్రికోణం: పావు చదరపు గొలుసు, రెండున్నర సెంట్లు. రెండు కొసలూ జరిగి ఉంటే ఐదు సెంట్లు. నీడ కోసం పిల్ల పది అడుగులు జరిగిందంటే ఏడున్నర సెంట్లు దాటుతుంది, అది ఎవరి కంటికైనా ఆనుతుంది. చెట్టుని హద్దుకి నాలుగడుగుల లోపు పెట్టండి.

ఇంకోటి. సర్కారు సర్వేయరు కొలిస్తే ఇది నడవదు. ఆయన అడ్డకొలతలు తీసి పాత పటంతో సరిచూస్తాడు, ఐదు లింకుల తేడా బయటపడుతుంది. పెద్దమనుషుల సమక్షంలో ఇంటివాళ్లే కొలుచుకున్నట్టు రాయండి.

ఎర్రబస్సు

రెండున్నర సెంట్లంటే మా లెక్కల గుంట. గుంట కోసం అన్నదమ్ములు ఇరవై ఏండ్లు మాట్లాడకుంట ఉన్న ఇండ్లు శానా ఉన్నయి, కాబట్టి తక్కువని భయపడకుండ్రి.

చిత్తుప్రతి

పిల్లకి ఎప్పుడు తెలియాలి? అసలు తెలియాలా?

పాతఅట్ట

హార్ట్‌లీ యాభై ఏళ్లు ముందుకెళ్లి చెప్పాడు. లియో అరవై దాటాక పాత డైరీ తీస్తాడు, చివర్లో ముసలి మేరియన్‌ని కలుస్తాడు, ఆవిడ అప్పటికీ అతనికి ఇంకో కబురు అప్పగిస్తుంది. అరుంధతీ రాయ్ వరుసే మార్చేసింది, చావులన్నీ ముందే చెప్పి నవలని వాటికన్నా ముందటి ఒక రాత్రి దగ్గర ఆపింది. జేమ్స్ మెయిసీకి ఎంత తెలుసో చివరిదాకా తేల్చలేదు, పడవెక్కించి పంపేశాడు.

మీ పిల్ల చెప్పే వయసు ఎంతో ఇంతవరకు మీరు చెప్పలేదు. అది ముప్పై అయితే ఆమెకి తెలిసే రాస్తోంది, మొదటి పేజీనుంచే నీడ అనే మాటని ఆచితూచి వాడాలి. పదేళ్లయితే ఆ మేకు సంగతి ఆమె నోట ఎప్పటికీ రాకూడదు.

వేపపుల్ల

ముప్పై వద్దు. పదేళ్లే ఉంచి, స్నేహితురాలితో చెప్పించండి. గట్టు మీద గడ్డి కోసుకునే పిల్లకి పాత గట్టు ఎక్కడుందో కాలికి తెలుస్తుంది. "మీ గట్టు జరిగిందే" అంటుంది. మీ పిల్ల "లేదు" అంటుంది.

చిత్తుప్రతి

ఆ "లేదు" తెలిసి అన్నదా, తెలియక అన్నదా?

వేపపుల్ల

మీ మూడో గడిలో రాసుకోండి. అచ్చులో మాత్రం వద్దు.